మేనల్లుళ్ళు నిలబెట్టిన ఇళ్ళు: జపాన్ సమురాయ్ వంశాల కథ

(గ్రంథాలయం హాల్లో ఆదివారం జరిగిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసింది. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్ళకి వినిపిస్తోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గిస్తే బావుంటుంది. ఆ, చాలు.

సమురాయ్ అనగానే మనకి ఏం గుర్తొస్తుంది? కత్తి. ఆ తర్వాత? పరువు కోసం పొట్ట చీల్చుకోవడం. ఆ తర్వాత వంశం. తరతరాలుగా తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి దిగివచ్చిన స్వచ్ఛమైన రక్తం. ఈ మూడోదాని గురించే ఇవాళ మాట్లాడతాను. ఆ తండ్రి-కొడుకు గొలుసు ఉంది చూశారూ, అది కాగితం మీద ఉన్నంత గట్టిగా నిజంలో ఎక్కడా లేదు. తెగింది. మళ్ళీ మళ్ళీ తెగింది. తెగిన ప్రతిసారీ ఎవరు అతికించారు? అదే నా ప్రశ్న. దానికి ఒక ఇంటిని పట్టుకుని చూద్దాం. ఉయెసుగి వారి ఇల్లు. పేరు గుర్తుపెట్టుకోండి, ఉయెసుగి. మిగతా పేర్లు మర్చిపోయినా ఫర్వాలేదు, పరీక్ష పెట్టను.

ముందు కాస్త వెనక్కి వెళ్ళాలి. జపాన్ చక్రవర్తికి ఇంటిపేరు లేదు. ఇప్పటికీ లేదు. ఆయన ఇచ్చేవాడే తప్ప పుచ్చుకునేవాడు కాదు. అంతఃపురంలో రాకుమారులు ఎక్కువైపోయారు, అందరినీ పోషించడం ఖజానాకి భారం. అప్పుడు 814లో సాగా చక్రవర్తి ఏం చేశాడంటే, తన పిల్లల్లో కొందరికి మినామోతో అని పేరు పెట్టి, ఇకనుంచి మీరు రాచకుటుంబం కాదు, ప్రజలు, వెళ్ళి బతకండి అని పంపేశాడు. కొన్నాళ్ళకి మరికొందరికి తైరా అని పేరు. తర్వాత ఒకరినొకరు నరుక్కున్న రెండు మహా వంశాలూ మొదట్లో ఇలా ఖర్చు తగ్గించుకోవడానికి బయటికి పంపిన పిల్లలే. మూడోది ఫుజివారా. అది అంతకంటే పాతది. 669లో కమతారి అనే మంత్రి మరణశయ్య మీద ఉండగా తెంజి చక్రవర్తి ఆ పేరు ఇచ్చాడు.

ఫుజివారా వాళ్ళు కత్తి పట్టలేదు. పట్టాల్సిన అవసరమేముంది? ఆడపిల్లల్ని కన్నారు. కని, చక్రవర్తులకిచ్చి పెళ్ళి చేశారు. ఆ కాలంలో పిల్లలు తల్లి తరపువాళ్ళ ఇంట్లో పెరిగేవారు. అంటే కాబోయే చక్రవర్తి తాతగారి ఒళ్ళో పెరుగుతాడు. తాతగారు ఫుజివారా. ఇక రాజ్యం ఎవరిది? 1018లో మిచినాగా అనే ఫుజివారా పెద్దకి ముగ్గురు కూతుళ్ళు ఒకేసారి మూడు రాణి పదవుల్లో ఉన్నారు. మూడో అమ్మాయి రాణి అయిన రోజు విందులో ఆయన ఒక పద్యం చెప్పాడు. ఈ లోకం నాదే అనిపిస్తోంది, పున్నమి చంద్రుడికి లోటు లేనట్టు నాకూ ఏ లోటూ లేదు, అని దాని భావం. విందులో ఉన్న ఒక బంధువు ఇంటికెళ్ళి తన దినచర్యలో రాసిపెట్టుకోబట్టి అది మనదాకా వచ్చింది. ఆ గర్వం సంగతి అలా ఉంచండి. ఆయన బలం ఎక్కడిది? కొడుకుల వల్ల వచ్చింది కాదు. కూతుళ్ళ వల్ల వచ్చింది. ఈ మాట పక్కన పెట్టుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

సరే, కత్తుల దగ్గరికి వద్దాం. 1185లో సముద్రం మీద జరిగిన దన్నోఉరా యుద్ధంలో తైరా వంశం మునిగిపోయింది. నిజంగానే మునిగిపోయింది, పసివాడైన చక్రవర్తితో సహా. గెలిచిన మినామోతో యోరితోమో 1192లో షోగన్ అయ్యాడు. షోగన్ అంటే సేనాధిపతి, అసలు అధికారం ఆయనదే. చక్రవర్తి ఉండే క్యోతోకి దూరంగా కమకురా అనే ఊళ్ళో కొలువు. ఇంత కష్టపడి గెలిచిన వంశం ఎన్నాళ్ళు నిలిచింది? ఇరవై ఏడేళ్ళు. ఆయన 1199లో పోయాడు. పెద్దకొడుకుని చంపేశారు. చిన్నకొడుకు సానెతోమోని 1219లో గుడి మెట్ల దగ్గర సొంత అన్న కొడుకే నరికాడు. అంతటితో యోరితోమో మగ సంతతి అయిపోయింది. మూడు తరాలు కూడా నిండలేదు.

మరి షోగన్ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలి? యోరితోమో భార్య మసాకో, ఆమె పుట్టింటి హోజో వారు కలిసి క్యోతో నుంచి ఒక పిల్లవాణ్ణి తెచ్చారు. రెండేళ్ళ వాడు. ఫుజివారా వారి పిల్లాడు. ఎందుకు ఆ పిల్లాడే? వాడు యోరితోమో తోబుట్టువుకి మునిమనవడు. ఆడపిల్ల వైపు నుంచి. చూశారా, మొదటి తెగుడికే అతుకు ఎక్కడ దొరికిందో?

కొన్నాళ్ళకి ఫుజివారా పిల్లలూ వద్దనుకుని, 1252లో ఏకంగా చక్రవర్తి కొడుకునే తెచ్చి షోగన్ని చేశారు. ఆ రాకుమారుడి వెంట క్యోతో నుంచి కొంతమంది కొలువువాళ్ళు వచ్చారు. వాళ్ళలో ఒకడు షిగెఫుసా. ఫుజివారా వంశంలో చిన్న శాఖవాడు, కవిత్వం, కొలువు మర్యాదలు తెలిసినవాడు. అతనికి తాంబా ప్రాంతంలో ఉయెసుగి అనే ఊరి మీద హక్కు ఉండేది. ఆ ఊరి పేరే ఇంటిపేరు అయింది. రాకుమారుడికి తోడు వచ్చిన ఆస్థాన పెద్దమనిషి సమురాయ్ ఊళ్ళో స్థిరపడి సమురాయ్ అయిపోయాడు. అదీ ఉయెసుగి వారి మొదలు.

తర్వాత వాళ్ళు ఎలా పైకొచ్చారు? మీరే చెప్పండి. అవును, కూతురు. ఉయెసుగి వారి అమ్మాయి కియోకో, అషికాగా ఇంటికి కోడలిగా వెళ్ళింది. ఆమె కొడుకు తకౌజి 1338లో షోగన్ అయ్యాడు. షోగన్‌కి మేనమామలవాళ్ళు, ఇంకేం కావాలి? తూర్పు దేశమంతటికీ కాంతో కాన్‌రేయ్ అనే పెద్ద పదవి ఉండేది. షోగన్ ప్రతినిధికి కుడిభుజం లాంటి ఉద్యోగం. అది ఉయెసుగి ఇంటి ఆస్తి అయిపోయింది.

ఇక్కణ్ణుంచి రెండు వందల ఏళ్ళు గబగబా దాటేస్తాను. అన్నదమ్ముల కొట్లాటలు, శాఖలు, శాఖల్లో శాఖలు. ఆ పేర్లన్నీ చెబితే మీరు లేచి వెళ్ళిపోతారు.

1550ల నాటికి ఉయెసుగి పెద్ద నోరిమసా చేతిలో పదవి ఉంది, పేరు ఉంది, బలం లేదు. ఒదావారా హోజో వారు తరుముతుంటే పారిపోయి ఉత్తరాన ఎచిగోకి చేరాడు. ఈ హోజో వారికీ పాత హోజో వారికీ సంబంధం లేదు. వీళ్ళ అసలు ఇంటిపేరు ఇసే. రెండో తరంలో గొప్పగా ఉంటుందని హోజో అని మార్చుకున్నారు. నవ్వకండి, ఇంకా పెద్దవాళ్ళు ఇంతకంటే పెద్ద పనులు చేశారు, వస్తాను దానికి.

నోరిమసా ఎవరి శరణు వేడాడు? నగావో కగెతోరా అనే కుర్రాడిది. నగావో వాళ్ళు ఉయెసుగి వారి కింద పనిచేసిన ఇల్లు. తైరా సంతతి అని చెప్పుకునేవారు. ఈ కుర్రాడి తండ్రి ఏం చేశాడో తెలుసా? 1507లో ఒకరు, 1510లో ఇంకొకరు, ఇద్దరు ఉయెసుగి ప్రభువుల చావుకి కారణమయ్యాడు. అలాంటివాడి కొడుకు గుమ్మంలో ఇప్పుడు ఉయెసుగి పెద్ద నిలబడ్డాడు. 1561లో కమకురాలో, త్సురుగావోకా హచిమాన్ గుడిలో, సానెతోమో తల తెగిన ఆ గుడిలోనే, నోరిమసా ఈ కగెతోరాని దత్తత తీసుకుని పేరూ పదవీ ఇచ్చేశాడు. ఆ రోజు నుంచి నగావో కగెతోరా ఉయెసుగి అయ్యాడు. మీకు తెలిసిన పేరు ఉయెసుగి కెన్షిన్. ప్రత్యర్థి ప్రభువు తకేదా షింగెన్‌తో కవనకజిమా అనే చోట మళ్ళీ మళ్ళీ తలపడ్డాడే, ఆయనే.

ఆయన పేర్లు మారిన తీరు ఒక్క నిమిషం చూడండి. కగెతోరా. దత్తత కాగానే తండ్రి నోరిమసా పేరులోంచి ఒక అక్షరం తీసుకుని మసతోరా. అదే ఏడాది షోగన్ యోషితెరు తన పేరులోంచి ఒక అక్షరం ప్రసాదిస్తే తెరుతోరా. ప్రభువు పేరులో అక్షరం దొరకడం అంటే పెద్ద సత్కారం. తర్వాతి కాలంలోనూ అంతే. ఉయెసుగి వారి పేర్లలో మొదటి అక్షరం చూస్తే అప్పుడు షోగన్ ఎవరో చెప్పేయొచ్చు. ఇయెత్సునా కాలంలో త్సునకత్సు, త్సుననోరి. ఇయెషిగే కాలంలో షిగెసదా. ఇయెహరు కాలంలో హరునోరి. తండ్రి పేరుకంటే యజమాని పేరు ముందుండేది. ఇది మామూలు విషయం కాదండీ. నువ్వు ఎవరి కొడుకువి అనేదానికంటే ఎవరి కొలువులో ఉన్నావు అనేది పేరులోనే ముందు వినిపించేది.

ఇంకో చిన్న సంగతి చెప్పి ముందుకి వెళతాను. ఉయెసుగి వారి చిహ్నం వెదురు, రెండు పిచుకలు. మీరు సెందాయ్ వైపు వెళితే దాతె వారి చిహ్నం కూడా వెదురు, పిచుకలే. ఎలా? 1542లో ఎచిగో ఉయెసుగి ప్రభువుకి పిల్లలు లేరు. దాతె ఇంటి మూడో కొడుకుని దత్తత ఇద్దామని మాట అనుకున్నారు. ముందుగా పేరులో ఒక అక్షరం, ఇంటి చిహ్నం పంపేశారు. ఇంతలో దాతె పెద్దకొడుకు, తమ్ముడి వెంట మంచి మంచి యోధుల్ని పంపేస్తే మనకేం మిగులుతుందని తండ్రి మీదే తిరగబడ్డాడు. ఆరేళ్ళు యుద్ధం. దత్తత రద్దు. పిచుకలు మాత్రం తిరిగి వెళ్ళలేదు! పెళ్ళి చెడిపోయినా పెట్టుపోతలు వెనక్కివ్వనట్టు, దాతె వాళ్ళు ఆ చిహ్నాన్ని అట్టే పెట్టేసుకున్నారు.

సరే, కెన్షిన్. ఆయన పెళ్ళి చేసుకోలేదు. పిల్లల్లేరు. ఇద్దర్ని పెంచుకున్నాడు. ఒకడు కగెకత్సు, సొంత అక్క కొడుకు. రెండోవాడు శత్రువు కొడుకు. ఒదావారా హోజో వారితో సంధి జరిగినప్పుడు వచ్చిన కుర్రాడు. వాడంటే ఎంత ఇష్టమంటే, తన పాత పేరు కగెతోరా వాడికిచ్చాడు. కగెకత్సు తోబుట్టువునిచ్చి పెళ్ళి చేశాడు. నా తర్వాత వీడు అని ఇద్దరిలో ఒకర్ని తేల్చి చెప్పాడా? లేదు. 1578 వసంతంలో హఠాత్తుగా పడిపోయి, మాట లేకుండానే పోయాడు.

ఏడాది పైగా ఇంట్లో యుద్ధం. మేనల్లుడు ఒకవైపు, పెంపుడు కొడుకు ఒకవైపు. ముసలి నోరిమసా ఇంకా బతికే ఉన్నాడు. కగెతోరా కొడుకుని, తొమ్మిదేళ్ళ దోమన్‌మారుని వెంటపెట్టుకుని రాజీ మాట్లాడ్డానికి బయల్దేరాడు. దారిలో ఇద్దర్నీ చంపేశారు. ఆ పిల్లాడు కగెకత్సుకి ఏమవుతాడు? తోబుట్టువు కొడుకు. మేనల్లుడు. మేనల్లుడిగా వచ్చినవాడు గెలిచాడు, అతని మేనల్లుడు దారిలో పోయాడు. 1579లో కగెతోరా కూడా ప్రాణం తీసుకున్నాడు. మొత్తానికి ఇల్లు కగెకత్సుది అయింది.

మేనల్లుడి కథ ఎప్పుడూ సుఖాంతమని నేను చెప్పడం లేదు. అదే కాలంలో ఇంకొకటి జరిగింది. తొయొతొమి హిదెయోషి. రైతు ఇంట్లో పుట్టినవాడు. దేశం మొత్తం చేతికొచ్చాక కాన్‌పాకు అవ్వాలనుకున్నాడు. అంటే చక్రవర్తికి ప్రధాన సలహాదారు. ఆ పదవి ఫుజివారా వారికే రావాలి. ఏం చేశాడు? 1585లో, దాదాపు యాభై ఏళ్ళ వయసులో, కొనోయే సకిహిసా అనే ఫుజివారా పెద్దకి దత్తత వెళ్ళిపోయాడు! ఇద్దరూ దాదాపు ఒక ఈడువాళ్ళే. కాన్‌పాకు అయ్యాడు. మరుసటి ఏడాది అదీ చాలక తొయొతొమి అని కొత్త వంశమే పుట్టించుకున్నాడు.

పేరు వచ్చింది, వారసుడు లేడు. అక్క కొడుకు హిదెత్సుగుని దత్తత తీసుకుని 1591లో కాన్‌పాకు పదవి అప్పజెప్పాడు. 1593లో సొంత కొడుకు పుట్టాడు. 1595లో హిదెత్సుగుని కోయా కొండ మీద పొట్ట చీల్చుకోమన్నారు. అక్కడితో ఆగలేదు. అతని భార్యల్ని, పసిపిల్లల్ని, ముప్ఫై మందికి పైగా, క్యోతోలో సాంజో దగ్గర కమో నది ఒడ్డున వరసగా చంపించారు. ఆ అక్క పేరు తోమో. ముగ్గురు కొడుకులు, ముగ్గురూ తమ్ముడి రాజ్యంలోనే పోయారు. ఆమె సన్యాసిని అయి తొంభై దాటేదాకా బతికింది. తొయొతొమి ఇల్లు 1615లో ఒసాకా కోటతో కాలిపోయింది. ఆమె అది కూడా చూసింది.

ఇందాక పెద్దవాళ్ళు పెద్ద పనులు చేశారన్నాను కదా. తోకుగవా ఇయెయాసు. పుట్టినప్పుడు మత్సుదైరా. చిన్న కొండ ప్రాంతపు ఇల్లు. 1566లో తోకుగవా అని మార్చుకోవడానికి కొలువు అనుమతి కావాలి, దానికి వంశం కావాలి. ఎవరిని పట్టుకున్నాడు? మళ్ళీ ఆ కొనోయే సకిహిసానే. ఈ పెద్దమనిషికి ఇదే పనిగా ఉండేది. చాలా ఏళ్ళ తర్వాత ఆయనే కొడుక్కి రాసిన ఉత్తరంలో ఆ సంగతి చెప్పాడు. యోషిదా అనే ఆయన ఇంకొకరి ఇంట్లో ఏదో పాత కాగితాల కట్టలో అనుకూలమైన వంశావళి ఒకటి చూశాడట. అక్కడికక్కడే జేబులో ఉన్న కాగితం మీద ఎక్కించుకున్నాడట. ఏ కాగితం? ముక్కు తుడుచుకునే కాగితం! రెండు వందల అరవై ఏళ్ళు జపాన్ని ఏలిన ఇంటి వంశవృక్షం మొదట దేని మీద రాశారో చూడండి. పైగా మొదట్లో అతను ఫుజివారా, తర్వాత షోగన్ అవ్వాల్సి వచ్చినప్పుడు మినామోతో.

అలాంటి ఇయెయాసు మనవడు ఇయెమిత్సు 1641లో ఏమన్నాడు? దేశంలో ఉన్న ప్రభువులు, కొలువువాళ్ళు అందరూ మీ మీ వంశావళి రాసి పంపండి అన్నాడు. రెండేళ్ళలో పెద్ద సంకలనం తయారైంది. ఇంత మంది మినామోతోలు, ఇంత మంది ఫుజివారాలు. కాగితం అడిగితే కాగితం వస్తుంది. ఆ కాలంలో తప్పుడు వంశావళులు రాసిపెట్టడమే వృత్తిగా ఉన్నవాళ్ళు ఉన్నారు. గిరాకీ ఉంటే సరుకు రాదా?

మళ్ళీ ఉయెసుగి ఇంటికి వెళదాం. కగెకత్సుకి 1598లో ఐజులో పన్నెండు లక్షల కోకుల రాజ్యం ఇచ్చారు. ఒక కోకు అంటే సుమారు ఒక మనిషికి ఏడాది బియ్యం, దాదాపు 150 కిలోలు. 1600లో సెకిగహరా దగ్గర జరిగిన యుద్ధంలో ఓడిన పక్షాన ఉన్నాడు. 1601లో యోనెజావాకి పంపారు. మూడు లక్షల కోకులు. నాలుగో వంతు. కొలువువాళ్ళని మాత్రం చాలావరకు తీసెయ్యలేదు. వేల కుటుంబాలు వెంట వచ్చాయి. మంచి మనసే, కానీ ఆ మంచి మనసు అప్పు నూట యాభై ఏళ్ళు తీర్చాల్సి వచ్చింది.

ఇప్పుడు అసలైన చోటికి వచ్చాం. 1664. కగెకత్సు మనవడు త్సునకత్సు ఇరవై ఆరేళ్ళకే హఠాత్తుగా చనిపోయాడు. కొడుకు లేడు. వారసుణ్ణి ప్రకటించలేదు. అప్పటి చట్టం ఏమిటి? వారసుడు లేకపోతే ఇల్లు రద్దు, రాజ్యం షోగన్‌ది. మనకి డల్హౌసీ గుర్తొస్తాడు, వస్తే తప్పులేదు. అది తోకుగవా వాళ్ళు చాలా కఠినంగా అమలు చేశారు. ఇళ్ళు రద్దవుతుంటే కొలువు పోయిన సమురాయ్‌లు వీధిన పడ్డారు. వాళ్ళనే రోనిన్ అంటారు. 1651లో అలాంటి రోనిన్‌లు కొందరు షోగన్ కొలువున్న ఎదో నగరంలోనే, అంటే ఇప్పటి టోక్యోలో, తిరుగుబాటుకి కుట్ర పన్ని దొరికిపోయారు. అప్పుడు ప్రభుత్వానికి భయం పట్టుకుంది. పదిహేడు నుంచి యాభై ఏళ్ళలోపు ప్రభువు చావు మంచం మీద కూడా దత్తత తీసుకోవచ్చని నిబంధన సడలించారు. కరుణ వల్ల కాదండీ, టెన్షన్ వల్ల.

కానీ త్సునకత్సు చావు మంచం మీద కూడా ఏమీ చెప్పలేదు. చనిపోయాక దత్తత ఎలా? ఇక్కడ మామగారు రంగంలోకి దిగాడు. హోషినా మసాయుకి, షోగన్ తర్వాత షోగన్ అంతటివాడు. ఆయన కథ కూడా వినండి. రెండో షోగన్ హిదెతదాకి బయట పుట్టిన కొడుకు. భార్యకి తెలియకుండా హోషినా అనే చిన్న ఇంటికి దత్తత ఇచ్చేశారు. షోగన్ అయిన అన్నకి తర్వాత తెలిసి పైకి తెచ్చాడు. ఇంటిపేరు మత్సుదైరాకి మార్చుకునే అవకాశం ఉన్నా మార్చుకోలేదు, పెంచినవాళ్ళ పేరే చివరిదాకా ఉంచుకున్నాడు. నాకు ఈ కథ మొత్తంలో ఇష్టమైన మనిషి ఈయనే. త్సునకత్సుకిచ్చిన కూతురు అప్పటికే పోయింది. అయినా అల్లుడి ఇల్లు పడిపోకుండా పట్టుకున్నాడు.

ఎవరిని తెచ్చారు? త్సునకత్సు చెల్లెలు తోమికో, కిరా ఇంటి కోడలు. ఆమె కొడుకు పసివాడు, పుట్టి ఏడాది కూడా కాలేదు. వాడే త్సుననోరి, కొత్త ప్రభువు. మళ్ళీ మేనల్లుడు! ఖరీదు మాత్రం కట్టాల్సి వచ్చింది. మూడు లక్షల కోకుల్లో సగం పోయింది. లక్షా యాభై వేలు మిగిలింది. కొలువువాళ్ళు మాత్రం అంతే.

కిరా అన్నాను, ఎక్కడో విన్నట్టుందా? నలభై ఏడుగురు రోనిన్‌ల కథ విన్నారు కదా. యజమాని పగ తీర్చుకోవడానికి ఒక ముసలాయన ఇంటి మీద పడి తల నరికారు, జనవరి 1703లో. ఆ ముసలాయన కిరా యోషినకా. ఈ పసివాడి తండ్రి. ఆనాటికి ఉయెసుగి ప్రభువు త్సుననోరి నలభై దగ్గరకొచ్చినవాడు, చేతి కింద సైన్యం ఉన్నవాడు, అదే నగరంలో ఇల్లు ఉన్నవాడు. కన్నతండ్రిని చంపారు. వెంటనే దండెత్తొద్దూ? వెళ్ళనివ్వలేదు. వెళితే ఉయెసుగి ఇల్లు పోతుంది. కన్నతండ్రి ముఖ్యమా, వచ్చిన ఇల్లు ముఖ్యమా? ఇల్లే గెలిచింది. ఇంకొక విషయం. కిరా ఇంటికి వారసుడు లేకపోతే త్సుననోరి రెండో కొడుకునే తాతగారికి దత్తత ఇచ్చారు. ఆ కుర్రాడు ఆ రాత్రి ఆ ఇంట్లోనే ఉండి గాయపడ్డాడు. తర్వాత, తాతని కాపాడలేకపోయావని కిరా ఇల్లు రద్దు చేసి, అతన్ని సువాకి పంపి బంధించారు. 1706లో అక్కడే పోయాడు, ఇరవై దాటిందో లేదో. నలభై ఏడుగురి నాటకాలు చూసి కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళు ఈ కుర్రాడి గురించి ఎవరూ అడగరు.

సరే. ఇంకో రెండు తరాలు. షిగెసదా ప్రభువుగా ఉన్నాడు. మగపిల్లల్లేరు అప్పటికి. ఒక కూతురు, యోషిహిమే. అప్పులు ఎంతగా పెరిగాయంటే, రాజ్యాన్ని షోగన్‌కి తిరిగి ఇచ్చేద్దామా అన్నంతదాకా వెళ్ళాడు. అల్లుణ్ణి ఎక్కణ్ణుంచి తేవాలి? క్యూషూ ద్వీపంలో, దేశం అవతలి చివర, తకనబే అనే చిన్న రాజ్యం. అకిజుకి వారి రెండో కొడుకు. అకిజుకి వారు తమది ఓకురా వంశం, చైనా హాన్ చక్రవర్తుల సంతతి అని చెప్పుకునేవారు. అంత దూరం నుంచి ఎందుకు? ఆ పిల్లాడి అమ్మమ్మ ఉయెసుగి ఇంటి ఆడపడుచు. త్సుననోరి కూతురు. ఆ పెద్దావిడే, మా మనవడు తెలివైనవాడు, తీసుకోండి అని చెప్పింది. ఆ పిల్లాడే హరునోరి. తర్వాత యోజాన్ అన్న పేరుతో జపాన్ అంతా తెలుసు. ఇల్లరికం వచ్చాడు.

1767లో ప్రభువయ్యాడు, పదహారేళ్ళు. ఎదోలో తన ఇంటి ఖర్చు ఏడాదికి 1500 ర్యోలు ఉండేది, ర్యో అంటే అప్పటి బంగారు నాణెం, 209కి దించాడు. అంతఃపురం పనిమనుషులు యాభై మంది, తొమ్మిది మందికి తగ్గించాడు. నూలు బట్ట, ఒక పులుసు, ఒక కూర. సమురాయ్‌ల చేత బీడు భూములు దున్నించాడు. మల్బరీ నాటించి పట్టు నేయించాడు. పెద్ద కొలువుదార్లు ఏడుగురు ఎదురు తిరిగారు, బయటివాడు వచ్చి మాకు నేర్పుతాడా అని. ఇద్దరి చేత పొట్ట చీల్పించాడు. మెత్తనివాడేం కాదు.

ఆయన భార్య యోషిహిమే, ఏ అమ్మాయి వల్ల ఆ ఇంటికి వచ్చాడో ఆ అమ్మాయి, ఎదగలేదు. శరీరం, బుద్ధి చిన్నపిల్లలా ఉండిపోయాయి. ఆయన కాగితంతో కొంగలు మడిచి ఇచ్చేవాడు. బొమ్మలు చేసి ఇచ్చి ఆడుకునేవాడు. ముప్ఫై ఏళ్ళకి 1782లో ఆమె పోయింది. తండ్రి షిగెసదా వేరే ఇంట్లో ఉండేవాడు, కూతురి పరిస్థితి ఆయనకి సరిగ్గా తెలియదు. ఆమె పోయాక వస్తువులు పంపితే, ఆ బొమ్మలు చూసి అప్పుడు అర్థమై ఏడ్చాడని చెబుతారు.

షిగెసదాకి తర్వాత సొంత కొడుకు పుట్టాడు, హరుహిరో. 1785లో యోజాన్, ముప్ఫై అయిదేళ్ళు కూడా నిండకుండానే, పదవి దిగి ఆ హరుహిరోకి ఇచ్చేశాడు. ఇల్లు ఇచ్చినవాళ్ళకి ఇల్లు తిరిగి ఇచ్చాడు. ఇస్తూ మూడు వాక్యాలు రాసిచ్చాడు. రాజ్యం పూర్వులు వారసులకి అప్పగించేది, సొంతానికి వాడుకునేది కాదు. ప్రజలు రాజ్యానికి చెందినవాళ్ళు, సొంతానికి వాడుకునేవాళ్ళు కాదు. రాజ్యం కోసం, ప్రజల కోసం ప్రభువు ఉన్నాడు, ప్రభువు కోసం అవి లేవు. చూడండి, ఇది దత్తుడు రాయగల మాట. నాకలా అనిపిస్తుంది. తండ్రి సొమ్ము అనుకుని పెరిగినవాడికి ఇది అంత తొందరగా తోచదు.

ఇప్పుడు ఉయెసుగి ఇంటిని మొత్తం ఒకసారి చూడండి. మొదలు ఫుజివారా. కెన్షిన్, కగెకత్సు వైపు తైరా. కిరా వైపు మినామోతో. అకిజుకి వైపు ఓకురా. పేరు ఒక్కటే. మరి ఎందుకంత తాపత్రయం? ఎందుకంటే బియ్యం ఇంటికి వచ్చేది, మనిషికి కాదు. ఇల్లు రద్దయితే వేల కుటుంబాల అన్నం పోతుంది. అందుకని ఎవరో ఒకరు ఆ కుర్చీలో కూర్చోవాలి. అంతవరకు చరిత్రకారులందరూ చెబుతారు.

నేను ఇంకొకటి కూడా అంటాను. ఎవరో ఒకరు అన్నా, ఎవరినిబడితే వాళ్ళని తేలేదు. కెన్షిన్ దత్తత ఒక్కటి వదిలెయ్యండి, అది గత్యంతరం లేక జరిగిన బేరం. మిగతా మూడుసార్లూ ఎవరు? అక్క కొడుకు, చెల్లెలి కొడుకు, ఆడపడుచు మనవడు. జపాన్ పుస్తకాల్లో వంశవృక్షం చూస్తే దత్తతని జంట గీతతో చూపిస్తారు. రెండు గీతలు కనబడితే, ఇక్కడ రక్తం తెగింది అని మనం అనుకుంటాం. తెగలేదు. ఆ పాత వంశావళుల్లో ఆడపిల్లకి చాలాచోట్ల పేరు కూడా ఉండదు. "కూతురు" అని రాసి, పక్కన ఫలానావారి భార్య అని రాస్తారు. అంతే. ఆ పేరులేని కూతురి మీదుగా రక్తం బయటికి వెళ్ళి, ఒక తరం తర్వాతో రెండు తరాల తర్వాతో మేనల్లుడి రూపంలో ఇంటికి తిరిగి వచ్చింది. మన దగ్గర మేనల్లుడికి పిల్లనిచ్చి చేస్తారు. వాళ్ళు ఏకంగా ఇల్లే ఇచ్చేశారు.

ఒక్క సమురాయ్‌ల సంగతే కాదు. ఇందాక అందరికీ వంశాలు సర్దిపెట్టిన కొనోయే వారు ఉన్నారు కదా. ఆ సకిహిసా కొడుకు నొబుతదాకి వారసుడు లేడు. అతని చెల్లెలు చక్రవర్తి గోయోజెయ్ దగ్గర ఉంది. ఆమె కొడుకు, అంటే రాకుమారుడు, మేనమామ ఇంటికి దత్తత వచ్చి నొబుహిరో అయ్యాడు. అప్పట్నుంచి ఫుజివారాల్లో పెద్ద ఇల్లు అయిన కొనోయే ఇంట్లో ప్రవహించింది మగవైపు నుంచి రాచరక్తం.

ఆ ఇంటి ఫుమిమారో 1937లో జపాన్ ప్రధానమంత్రి. యుద్ధం అయిపోయాక 1945 డిసెంబర్లో విషం తీసుకున్నాడు. 1947లో కొత్త రాజ్యాంగంతో ప్రభువుల బిరుదులన్నీ రద్దు. పెద్దకొడుకు ఫుమితకా సోవియట్ నిర్బంధంలో 1956లో చనిపోయాడు. పిల్లల్లేరు. ఇప్పుడు బిరుదు లేదు, బియ్యం లేదు, కొలువువాళ్ళు లేరు. ఇల్లు నిలబెట్టాల్సిన అవసరం ఏముంది? అయినా నిలబెట్టారు. ఫుమితకా చెల్లెలు హొసొకవా వారి కోడలు. ఆమె పెద్దకొడుకు హొసొకవా మొరిహిరో 1993లో ప్రధానమంత్రి అయ్యాడు, పేపర్లో చదివే ఉంటారు. రెండో కొడుకు కొనోయే ఇంటికి వెళ్ళి కొనోయే తదతెరు అయ్యాడు. జపాన్ రెడ్ క్రాస్ అధ్యక్షుడిగా, 2009 నుంచి 2017 దాకా అంతర్జాతీయ రెడ్ క్రాస్, రెడ్ క్రిసెంట్ సంఘాల సమాఖ్య అధ్యక్షుడిగా చేశాడు. ఆయన కొనోయే ఇంటికి ఏమవుతాడో ఇక నేను చెప్పక్కర్లేదు.

నా టైమ్ అయిపోయింది, వాచీ చూపిస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి.